పాత పికప్‌కి సస్పెన్షన్ పని: కమాన్ కట్టలా, కిట్టా, ఉన్నదే బాగుచేయించడమా?

గుంటూరులో ఉండే మా తమ్ముడి కొడుకు ఈ మధ్య ఒక పాత పికప్ కొన్నాడు. మహీంద్రా గెటవే, ఫోర్ వీల్ డ్రైవ్, ముందు టార్షన్ బార్లు (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే పొడవాటి కడ్డీలు), వెనక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు), పదేళ్లు ఎప్పుడో దాటేసిన బండి. కొన్న వారానికే ఫోన్. "పెదనాన్నా, రెండంగుళాలు లేపిద్దామనుకుంటున్నా, మీ విజయవాడ ఆటోనగర్లో ఎవరు బాగా చేస్తారు?" అన్నాడు. "అది సరే గానీ, దాంట్లో ఏం మోస్తావురా?" అన్నాను. వాడికి చిరాకేసింది. ఎత్తు గురించి అడిగితే ఈయన మోత గురించి మాట్లాడతాడేంటి అనుకుని ఉంటాడు.

కానీ ఏది కొనాలి, ఏది వద్దు అనేది మొత్తం ఆ ప్రశ్న మీదే ఉంది. అది అడక్కుండా నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

పికప్ వెనక కమాన్లు తయారయ్యేదే లోడు కోసం. ఖాళీ బండి గుంతలో పడితే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, అదే బండిలో పదిహేను మిర్చి టిక్కీలు (బస్తాలు) వేస్తే బుద్ధిగా పోతుంది. ఇప్పుడు మీ వాడకం ఏంటో చూసుకోండి. సీజన్లో పల్నాడు నుంచి యార్డుకి కాయలు తోలి, మిగతా నెలల్లో ఆదివారం పూట కొండవీడు వైపు రాళ్ల దారులకో, కృష్ణలో ఇసుక మేటల మీదకో పోయే బండా? లేక ఎప్పుడూ నలుగురు మనుషులు, ఒక టెంటు, ఒక ఐస్ బాక్సుతో తిరిగే బండా? మొదటి దానికి నచ్చే కట్ట రెండో దానికి నడుము విరగ్గొడుతుంది, రెండో దానికి నచ్చేది మొదటి దాంట్లో బంప్ స్టాపుల మీద, అంటే యాక్సిల్ వచ్చి ఛాసిస్‌కి గుద్దుకోకుండా ఆపే రబ్బరు దిమ్మల మీద, కూర్చుంటుంది.

అందుకే ఏ షాపుకీ వెళ్లకముందు బండిని లారీల వేబ్రిడ్జి మీదకి తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక చీటీ, మొత్తం ఎక్కించి ఒక చీటీ, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఇంకో చీటీ. కాటా దగ్గర కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. నా బండి ఖాళీగా ముందు 1,080 కిలోలు, వెనక 850 తూగింది. పదిహేను టిక్కీలు, టిక్కీ సుమారు 42 కిలోల లెక్కన 630 కిలోలు వేస్తే ముందు 1,110, వెనక 1,450 అయింది. అంటే బరువంతా దాదాపు వెనకే పడింది, ముందు భాగానికి లోడు వేసిన సంగతే తెలియదు. ఆ పూటే టేపు పెట్టి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఖాళీగా ఎంత, లోడుతో ఎంత అని కొలిచాను. నేల నుంచి కొలవకూడదు, టైర్లో గాలి తేడా కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. నాకు 75 మిల్లీమీటర్లు దిగింది. వెనక యాక్సిల్ మీద 600 కిలోలు అదనంగా పడింది, అంటే ఒక్కో కట్ట మీద 300, దాన్ని 75తో భాగిస్తే మిల్లీమీటరుకి 4 కిలోలు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే కమాన్ల షాపులో మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

ఇక వెనక భాగానికి ఉన్న దారులు చూద్దాం.

అన్నిటికంటే చవక పని, ఎవరూ చేయించనిది, ఉన్నదాన్ని బాగుచేయించడం. పదేళ్ల బండిలో కమాన్ బుష్‌ల రబ్బరు ఒకవైపుకి నలిగిపోయి ఉంటుంది, షాకిల్ (కమాను కొనని ఛాసిస్‌కి కలిపే కదిలే లింకు) పిన్నులు అరిగి ఉంటాయి, షాకుల్లో (షాక్ అబ్జార్బర్లలో) ఆయిల్ ఎప్పుడో కారిపోయి ఉంటుంది. బండి పాతది కదా ఇలాగే ఉంటుందిలే అనుకుంటాం. నా బండిలో బుష్‌లు మార్చిన రోజు బెంజి సర్కిల్ దాటేసరికి వేరే బండి నడుపుతున్నానేమో అనిపించింది. బుష్‌లకీ పిన్నులకీ కూలీతో కలిపినా ఫుల్ ట్యాంకు డీజిల్ కొట్టించినంత అవుతుంది, అంతే. ఇది చేయకుండా పైన ఏం పెట్టినా వదులు తలుపుకి కొత్త తాళం వేసినట్టే.

కమాన్లు కుంగిపోయి ఉంటే మన దగ్గర మొదట వినిపించే సలహా పట్టీలకి వంపు కొట్టించడం. చల్లగా ఉన్నప్పుడే సుత్తితోనో ప్రెస్సుతోనో వంపు తెస్తే కొన్నాళ్లు నిలబడుతుంది, లోడు పడే బండి అయితే నెలల్లోనే మళ్లీ కూర్చుంటుంది. పట్టీని ఎర్రగా కాల్చి వంచి అలాగే గాలికి చల్లారబెట్టే చోట మాత్రం వెంటనే బండి వెనక్కి తిప్పుకోండి. స్ప్రింగు స్టీలుకి బలం వచ్చేదే కాల్చి, ఆయిల్లో ముంచి, మళ్లీ ఒక లెక్క వేడిలో టెంపర్ చేయడం వల్ల. ఆ చివరి రెండు పనులూ లేకుండా కాల్చితే అది మామూలు ఇనుప బద్ద అయిపోతుంది, లేదా పెళుసెక్కి గుంతలో టప్పుమంటుంది.

తర్వాతది ఒక పట్టీ కలపడం. నా దృష్టిలో లోడు తోలే బండికి ఇది పనికొచ్చేదే, షికారు బండికి దండగ. ఎత్తు పాతిక ముప్ఫై మిల్లీమీటర్లు వస్తుంది కానీ గట్టితనం కూడా దాంతోపాటే వస్తుంది, ఖాళీ బండి ఇంకా ఎగురుతుంది. ఇంకో సంగతి. పాత పట్టీల మధ్య కొత్త పట్టీ ఒక్కటి పెడితే మోతంతా దాని మీదే పడుతుంది, పాతవి సోమరుల్లా పడుకుంటాయి. కొన్నాళ్లకి ఆ కొత్తదే విరుగుతుంది, అప్పుడు అందరూ పట్టీ నాసిరకం అంటారు. పొడవాటి పట్టీ కలిపితే గట్టితనం కట్ట అంతటా పరుచుకుంటుంది. మధ్యలో కురచది దూర్చితే అది అయిపోయే చోట మెయిన్ పట్టీ (కట్టలో అన్నిటికంటే పైన ఉండే పొడవాటిది) మీద ఒకే గీత దగ్గర వంపు పడుతుంది. తప్పదంటే పొడవుదే అడగండి.

నాకు నచ్చింది కొత్త కట్ట కట్టించడం. విజయవాడలో ఉన్నవాళ్లకి ఇదొక వరం. వేరే ఊళ్ల వాళ్లు ఆన్‌లైన్లో దొరికే కిట్టు (స్ప్రింగులు, షాకులు కలిపి కంపెనీ అమ్మే సెట్టు) కోసం నెలలు కాచుకుంటుంటే మనం జవహర్ ఆటోనగర్‌కి పోయి లారీల కమాన్లు కట్టే మేస్త్రి ముందు కూర్చుని, నాకు ఇన్ని కిలోల లోడు, ఇంత ఎత్తు, ఇదిగో కాటా చీటీ అని చెప్పి కట్టించుకోవచ్చు. ఎక్కువ మందం పట్టీలు నాలుగు పెట్టే బదులు తక్కువ మందం పట్టీలు ఏడెనిమిది పెట్టమనండి. ఒకే బరువు మోసేలా కట్టినా సన్నవి ఎక్కువ వంగుతాయి, చక్రం కిందకి ఎక్కువ దిగుతుంది. పైనుంచి రెండో పట్టీ మెయిన్ పట్టీ కంటిని (కొనలో గుండ్రంగా చుట్టిన భాగాన్ని) చుట్టి వచ్చేలా చేయించండి. మెయిన్ పట్టీ అడవిలో విరిగినా యాక్సిల్ చోటు వదిలిపోదు, ఇంటికి రావచ్చు. అడుగున కాస్త దూరంగా, తక్కువ వంపుతో ఒక హెల్పర్ పట్టీ పెట్టిస్తే ఖాళీగా ఉన్నప్పుడు అది తగలదు, లోడు పడ్డాకే పనిలోకి దిగుతుంది. రెండు రకాల వాడకానికీ ఒకే బండి ఉన్నవాళ్లకి నేను చెప్పే జవాబు ఈ కట్టే.

కట్టించేటప్పుడు ఎత్తు మీద ఆశ ఎక్కువైతే ఒక చిక్కుంది. వంపు మరీ ఎక్కువైతే కమాను రెండు కళ్ల మధ్య దూరం తగ్గి షాకిల్ నిలువుగా నిలబడిపోతుంది, ఒక్కోసారి లోపలికే తిరుగుతుంది. అప్పుడు కమాను సాగడానికి చోటుండదు, కొత్త కట్ట కూడా రాయిలా కొడుతుంది. మేస్త్రి బిగించి బండి దింపాక షాకిల్ వైపు ఒకసారి వంగి చూడండి. కాస్త వెనక్కి వాలి ఉండాలి.

కిట్టు సంగతి. మన మహీంద్రా పికప్ ఆస్ట్రేలియాలో ఏళ్ల తరబడి అమ్ముడవుతోంది కాబట్టి అక్కడి కంపెనీలు దానికి స్ప్రింగులు, షాకులు చేస్తాయి. ఓల్డ్ మ్యాన్ ఇము లాంటి పేర్లు మీరు వినే ఉంటారు, అది ఏఆర్‌బీ అనే అక్కడి కంపెనీ బ్రాండు. కిట్టులో ఉన్న సుఖం స్ప్రింగూ షాకూ ఒకదాని కోసం ఒకటి తయారై ఉండటం. కష్టం ధర, సెట్టు మొత్తం తెప్పిస్తే మామూలుగా లక్ష దాటుతుంది, పాత బండి ధరలో అదెంత భాగమో మీరే లెక్కేసుకోండి. పైగా ఖాళీ బండికి, 300 కిలోలు మోసే బండికి, పూర్తి లోడు బండికి వేర్వేరు స్ప్రింగులు ఇస్తారు. కాటా చీటీ లేకుండా ఆర్డర్ పెట్టినవాళ్లు ఎక్కువగా గట్టిదే తెప్పించుకుని బాధపడతారు. ఇసుజు వి-క్రాస్ లాంటి కొత్త తరం బండి అయితే, అది మన శ్రీసిటీలోనే తయారవుతుంది, ముందు కాయిల్ స్ప్రింగులు కాబట్టి కిట్టు ఎంపిక తేలిక, నేనూ అటే మొగ్గుతాను. పాత టార్షన్ బార్ బండికి మాత్రం వెనక కట్ట ఇక్కడ కట్టించి, షాకులు మాత్రం మంచివి కొనుక్కోవడమే మేలంటాను.

ఇక బ్లాకులు, పొడవు షాకిళ్లు. రెండూ ఎత్తు తెస్తాయి తప్ప సస్పెన్షన్ని ఏమీ మెరుగుపరచవు. షాకిల్ 50 మిల్లీమీటర్లు పొడవుది వేస్తే బండి లేచేది 25 మాత్రమే, ఎందుకంటే కమాను ఒక కొనే దిగుతుంది, పైగా యాక్సిల్ తిరిగి, గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల (జాయింట్ల) కోణం మారుతుంది. బ్లాకు అంటే యాక్సిల్‌కీ కమానుకీ మధ్య ఇనుప దిమ్మ. వెనక అంగుళం దాకా పరవాలేదు. ముందు కూడా కమాన్లే ఉన్న పాత జీపు అయితే ముందు యాక్సిల్‌కి బ్లాకు పెట్టనే వద్దు, బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ మెలి తిరగడానికి చూస్తుంది, స్టీరింగ్ కూడా అక్కడే ఉంది.

బ్లాకులతో నాకు జరిగింది చెప్తాను. ఊరు, షాపు పేరు ఎందుకులెండి. రెండంగుళాల బ్లాకులు వేసి, కమానుని యాక్సిల్‌కి పట్టి ఉంచే పాత యు బోల్టులకే పొడవు చాలేంత మేర మరలు సాగదీసి బిగించారు, నేను పక్కనే టీ తాగుతూ చూశాను, ఏమీ అనలేదు. నెల తిరక్కుండా ఒక కాలవ గట్టు మీద పోతుంటే వెనక బైకు మీద వస్తున్న మా మేనల్లుడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆపితే, "మామయ్యా, బండి పీతలాగా పక్కకి నడుస్తోంది" అన్నాడు. కింద దూరి చూస్తే ఎడమ కట్టకి సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ మధ్యలో కలిపేది) తెగి యాక్సిల్ రెండు వేళ్ల మందాన వెనక్కి జరిగి ఉంది. యు బోల్టులు చేత్తో కదిపితే కదిలాయి. సెంటర్ బోల్టు పని చోటు చూపించడం మాత్రమే, పట్టి ఉంచేది యు బోల్టుల బిగింపు. ఆ బిగింపు పోతే పది రూపాయల బోల్టు మీద బండంతా పడుతుంది. అప్పటి నుంచి కమాను విప్పిన ప్రతిసారీ కొత్త యు బోల్టులే, అవి బిగించాక సాగుతాయి కాబట్టి మళ్లీ వాడకూడదు. 300 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు.

ముందు భాగానికి వద్దాం, టార్షన్ బార్ల బండ్లలో అసలు మోసం ఇక్కడుంది. బార్ వెనక కొనలో ఒక బోల్టు ఉంటుంది, స్పానరు పెట్టి తిప్పితే బండి ముందు భాగం లేస్తుంది, పైసా ఖర్చు లేదు. అందుకే ప్రతి మెకానిక్కూ "ఇంకో నాలుగు చుట్లు తిప్పనా సార్" అంటాడు. కానీ బోల్టు తిప్పితే స్ప్రింగు గట్టిపడదు, బండి నిలబడే చోటు మారుతుంది అంతే. చక్రానికి పైకీ కిందకీ కలిపి ఉన్న కదలిక మారదు. మీరు ఎత్తు తెచ్చుకున్న మేర చక్రం కిందకి దిగే చోటు తగ్గుతుంది. అతిగా తిప్పితే ప్రతి చిన్న గుంతకీ చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్ వెళ్లి రీబౌండ్ స్టాపుకి (చక్రం మరీ కిందకి దిగకుండా ఆపే దిమ్మకి) టక్కుమని కొట్టుకుంటుంది, రాళ్ల మీద చక్రం గాల్లో తేలుతుంది, ముందు చక్రాలని తిప్పే సీవీ జాయింట్లు వంకరగా తిరిగి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. టైర్లు ఒకవైపు అంచునే అరిగిపోతాయి. నేను 25 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయాను, ముప్ఫై దాటొద్దనే నా సలహా, ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. వెనక ఎంత లేపాలనేది కూడా ముందు ఎంత లేస్తుందన్న దాన్ని బట్టే తేలాలి, మనవాళ్లు దాన్ని తిరగేసి చేస్తారు.

కాయిల్ బండికి పైన స్పేసర్లు పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, స్ప్రింగు కూర్చునేది ఆర్మ్ మధ్యలో కాబట్టి స్పేసర్ మందం కన్నా బండి ఎక్కువే లేస్తుంది. 20 మిల్లీమీటర్లే కదా అనుకుని వేస్తే ముప్ఫై పైన లేచి కూర్చుంటుంది.

షాకుల మీద డబ్బు ఖర్చు పెట్టడానికి వెనకాడకండి. మామూలు ఆయిల్ షాకు రోడ్డు మీద చాలు, రాళ్ల దారిలో గంటసేపు గడగడలాడితే ఆయిల్ వేడెక్కి నురగ కట్టి పట్టు వదిలేస్తుంది. అదే రకం, అంటే ఒకదాంట్లో ఒకటి రెండు గొట్టాలుండే ట్విన్ ట్యూబులో, గ్యాస్ నింపినది తీసుకుంటే నురగ తగ్గుతుంది, మన వాడకానికి నూటికి తొంభై మందికి ఇది చాలు. ఒకే గొట్టం ఉండే మోనోట్యూబ్ వేడిని ఇంకా బాగా వదులుతుంది, అంత తొందరగా పట్టు పోదు, కానీ బయటి గొట్టమే పిస్టన్ తిరిగే గొట్టం కాబట్టి ఒక రాయి తగిలి సొట్ట పడితే షాకు అయిపోయినట్టే. ధరా ఎక్కువే. నల్లరేగడి బురద, ఇసుకే ఎక్కువ అయితే నేను గ్యాస్ ట్విన్ ట్యూబే తీసుకుంటాను.

ఏది కొన్నా పొడవు కొలిచి కొనండి. జాకీతో ఛాసిస్ లేపి చక్రం పూర్తిగా వేలాడేలా చేసి షాకు రెండు కళ్ల మధ్య కొలవండి, తర్వాత ఒక చక్రం కింద దిమ్మ పెట్టి బంప్ స్టాపు తగిలే దాకా నొక్కించి మళ్లీ కొలవండి. కొత్త షాకు చాచినప్పుడు మొదటి కొలత కంటే ఒక అంగుళం ఎక్కువ ఉండాలి, ముడిచినప్పుడు రెండో కొలత కంటే అంగుళం తక్కువ ఉండాలి. కురచ షాకు వేస్తే చక్రం వేలాడిన ప్రతిసారీ యాక్సిల్ బరువంతా షాకు కంటి మీద వేలాడుతుంది. పొడవుది వేస్తే ముడుచుకునే చోటు చాలక లోపల పగులుతుంది.

ఎవరూ చెప్పని ఇంకో ముక్క. చాలా పికప్పుల్లో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వుకి సన్నటి కడ్డీ ఉంటుంది. లోడు పడి బండి దిగితే వెనక బ్రేకుకి ఎక్కువ ప్రెషర్ పంపమని చెప్పేది అదే. బండి లేపితే దానికి బండి ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది, లోడు వేసినా వెనక బ్రేకు సరిగా అందదు. కడ్డీ బ్రాకెట్‌ని లేపిన మేరకు సరిచేయమని చెప్పండి, చక్రం వేలాడినప్పుడు బ్రేకు హోసు బిగుసుకుంటోందేమో కూడా చూడండి.

టైర్ల మోజు ఉన్నవాళ్లకి ఒక లెక్క. 245/75 ఆర్ 16 తీసేసి 265/75 ఆర్ 16 వేస్తే టైరు వ్యాసం 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది, యాక్సిల్ కింద నిజంగా వచ్చే ఎత్తు 15. విచిత్రం ఏంటంటే, వెనక కమాన్లు ఎంత లేపినా డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గేర్ల డబ్బా) కింద ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు, అది పెరిగేది టైరుతోనే. మీటరు 80 చూపిస్తే మీరు 83లో పోతుంటారు. ఇక ఇసుకలో అయితే ఈ పనులన్నిటికన్నా ముందు గాలి తీయండి, 35 నుంచి 18 పీఎస్‌ఐకి దింపితే కూరుకుపోయే బండి నడుస్తుంది. ఒక గేజి, ఒక చిన్న కంప్రెసర్ ఉంటే చాలు.

చట్టం గురించి రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అరిగినవి అదే కొలతలో మార్చుకోవడం వేరు, ఆరంగుళాలు లేపి తిరగడం వేరు. యాక్సిడెంట్ అయిననాడు ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట వంగి చూసేది కూడా అక్కడే.

మావాడికి ఇదంతా ఫోన్లోనే చెప్పి, కాటా చీటీ పంపితే అప్పుడు మాట్లాడదాం అన్నాను. ఖాళీగా తిరిగే బండి అయితే బుష్‌లు, గ్యాస్ షాకులు వేసి, ఉన్న కట్టల్లో విరిగిన పట్టీలు మార్చి వదిలేద్దామని నా మనసులో ఉంది. నిన్న రాత్రి ఫొటో పంపాడు. ముందు 1,130, వెనక 1,640. ఇరవై టిక్కీలు వేసుకుని తూకం వేయించాడు. ఆర్సీలో రాసిన మొత్తం బరువుకి లోపలే ఉంది కానీ ఫొటోలో బండి వెనక భాగం బంప్ స్టాపుల మీద ఆనుకుని కనిపిస్తోంది. కింద మెసేజ్: "పెదనాన్నా, ఇప్పుడు రెండంగుళాలు లేపొచ్చా?" వెనక హెల్పర్‌తో కొత్త కట్టలు, ముందు బోల్టు ముట్టుకోవద్దు, శనివారం పొద్దున్నే ఆటోనగర్‌కి రా, పాత యు బోల్టులు అక్కడే పారేయిద్దాం అని రాశాను.